పక్క తడిపే పిల్లలు – తాతయ్యలు, నాయనమ్మల పాత్ర



డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకునే సభలో ఇదేం విషయమని కొందరికి నవ్వు రావచ్చు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు పోతే మనుమల పెంపకం మన పద్దులోనే పడుతోంది. రాత్రి మన పక్కలో పడుకున్న పిల్లవాడు పక్క తడిపితే ముందుగా తడిసేది మనమే గనుక మాట్లాడే హక్కు మనకుంది.

అయిదేళ్ళ లోపు ఇది జబ్బు కాదు. అయిదేళ్ళ పిల్లల్లోనూ నూటికి సుమారు 15 మంది తడుపుతారు. ఏటా వారిలో ఇంచుమించు 15 శాతం మందికి మందూ మాకూ లేకుండానే తగ్గిపోతుంది. తల్లిదండ్రులిద్దరికీ చిన్నతనంలో ఈ అలవాటుంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి 75 వరకు ఉంటుందట. వీలునామా అక్కర్లేని పిత్రార్జితమన్నమాట!

కారణం బద్ధకం కాదు. రాత్రిపూట మూత్రాన్ని తగ్గించే హార్మోను కొందరిలో ఆలస్యంగా కుదురుకుంటుంది. మూత్రసంచి కూడా చిన్నదే. వయసుకు ఒకటి కలిపి 30తో హెచ్చిస్తే దాని కొలత సుమారుగా మిల్లీలీటర్లలో వస్తుంది. ఆరేళ్ళవాడికి 210, అంటే ఒక గ్లాసెడు. అది నిండినా వాడికి మెలకువ రాదు. నిద్రలో జరిగినదానికి సంజాయిషీ అడగడం ఏ రూల్సు ప్రకారమూ చెల్లదు. వాత పెడతామని బెదిరించడం, తడిసిన దుప్పటి నలుగురికీ చూపించడం కొన్ని ఇళ్ళలో ఇంకా ఉంది. దానివల్ల పిల్లవాడికి భయం పెరుగుతుందే గాని పక్క ఆరదు.

మా మనుమడికి ఏడేళ్ళు. వేసవి సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్ళనని మొండికేశాడు. ఎంత అడిగినా కారణం చెప్పడు. చివరకు మా ఆవిడ చెవిలో చెప్పాడట. అక్కడ మేనమామ పిల్లలంతా ఒకే చాప మీద పడుకుంటారు, క్రితం ఏడు వాడికో పేరు పెట్టి ఏడిపించారు. ఆ పేరు ఇక్కడ చెప్పను. "మీ నాన్న ఎనిమిదేళ్ళ దాకా తడిపాడురా" అన్నాను. నమ్మలేదు. వెళ్ళి వాళ్ళ నాన్ననే అడిగాడు. మా అబ్బాయి పేపరు పక్కన పెట్టి "అవున్రా" అన్నాడు. ఆ రాత్రి పిల్లవాడు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. వియ్యపురాలికి ముందే ఫోనులో చెప్పి, సంచిలో రబ్బరు షీటు పెట్టి పంపాం. ఆవిడ వాడికి తన మంచం పక్కనే వేరే పక్క వేసింది. పది రోజులకని వెళ్ళినవాడు నెల ఉండి వచ్చాడు.

ఇక చేయవలసినవి. పగలు నీళ్ళు బాగా తాగనివ్వండి. బడిలో దొడ్డి బాగాలేదని నీళ్ళు మానేసి, సాయంత్రం ఇంటికొచ్చి చెంబులు ఖాళీ చేసే పిల్లలు చాలామంది. రాత్రిపూట మన కాఫీలోంచి సాసరులో పోసి ఇచ్చే ముద్దు మానుకోవాలి. పడుకోబోయే ముందు ఒంటికి పంపించాలి. మలబద్ధకం ఉంటే ముందు దాన్ని చూడాలి, నిండిన పేగు మూత్రసంచిని నొక్కుతుంది. అర్ధరాత్రి నిద్రలోనే ఎత్తుకెళ్ళి పోయిస్తే ఆ రాత్రికి పక్క పొడిగా ఉంటుంది, అలవాటు మాత్రం కాదు. తడి తగలగానే మోగే అలారాలున్నాయి. రెండు మూడు నెలలు ఓపికగా వాడితే మూడింట రెండు వంతుల మందికి గుణమిస్తాయి. మాత్రలూ ఉన్నాయి, కాని వేసుకున్న రాత్రి నీళ్ళు ఎక్కువ తాగకూడదు కనుక డాక్టరు చెబితేనే వాడాలి.

ఆరు నెలలు పొడిగా ఉన్న పిల్లవాడు మళ్ళీ మొదలుపెడితే ఊరుకోకండి. మంట, జ్వరం ఉంటే మూత్రపరీక్ష చేయించాలి. విపరీతమైన దాహం, బరువు తగ్గడం కనిపిస్తే షుగరు కావచ్చు, పిల్లల్లో అది రోజుల్లోనే ముదురుతుంది. అదే రోజు డాక్టరుకు చూపించండి.