పొదుపు వడ్డీలో పన్ను కోత – మన సంఘాలు తెలుసుకోవలసిన సంగతి

(2024-25 వార్షిక మహాజన సభలో మండల సమాఖ్య పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



జమాఖర్చులు ఇంతకుముందే చదివి వినిపించారు. అందులో ఒక పద్దు దగ్గర సభలో గుసగుసలు వినిపించాయి. "డిపాజిట్ వడ్డీ మీద టీడీఎస్" అన్న పద్దు. భోజనాల వేళ ముగ్గురు నలుగురు వచ్చి అడిగారు కూడా. ఈ సంవత్సరం గ్రామ సంఘాల సమావేశాలకు మేము వెళ్లిన చోటల్లా ఇదే మాట. అప్పు తీసుకుంటే వడ్డీ కడుతున్నాం, పొదుపు చేస్తే వచ్చే వడ్డీలోనూ కోసేస్తున్నారు, ఇక మాకు మిగిలేదేంటి అని. ఆ కోపంలో న్యాయం ఉంది. కోపంతో పాటు లెక్క కూడా తెలియాలని ఈ విషయం మీద విడిగా మాట్లాడాలని పాలకవర్గం తీర్మానించింది.

ముందు ఒక పెద్దావిడ సంగతి. పేరు చెప్పడం లేదు. అరవై నాలుగేళ్లు. రోడ్డుకు పోయిన పొలానికి వచ్చిన డబ్బు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసుకుంది. పాస్‌బుక్ పట్టుకుని వచ్చి, "అమ్మాయ్, నేను ఉద్యోగం చేశానా, వ్యాపారం చేశానా, నాకు ఇన్‌కం టాక్స్ ఏంటే?" అని అడిగింది. "పిన్నీ, ఇది టాక్స్ కాదు, టాక్స్ కోసం ముందే పట్టి ఉంచిన డబ్బు" అంటే, "పట్టి ఉంచితే మళ్లీ ఎప్పుడిస్తారు?" అంది. అసలు ప్రశ్న అదే. అడిగితేనే ఇస్తారు. అడగకపోతే ఎవరూ ఇంటికి తెచ్చి ఇవ్వరు.

2025లో అమల్లో ఉన్న ఆదాయపు పన్ను చట్టంలో 194ఎ అని ఒక సెక్షన్ ఉండేది. డిపాజిట్ మీద వడ్డీ ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక పరిమితి దాటితే బ్యాంకే నూటికి పది రూపాయలు పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. ఆ పరిమితి ఒకప్పుడు 10 వేలు. 2019 బడ్జెట్‌లో 40 వేలు చేశారు. 2025 ఏప్రిల్ 1 నుంచి 50 వేలు అయింది. అరవై దాటినవాళ్లకు లక్ష. పాన్ ఇవ్వకపోతే పది కాదు, ఇరవై పడుతుంది. ఆధార్‌తో లింకు కాక పాన్ పనిచేయకుండా పోయినా అంతే. మామూలు సేవింగ్స్ ఖాతా వడ్డీ మీద ఈ కోత లేదు. కాబట్టి సంఘం సేవింగ్స్ ఖాతా గురించి ఎవరూ కంగారు పడక్కర్లేదు.

పరిమితి దాటితే దాటిన ముక్క మీదే కోస్తారని చాలామంది అనుకుంటున్నారు. అలా కాదు. మొత్తం వడ్డీ మీద కోస్తారు. ఒక సంఘం మూలనిధి 8 లక్షలు ఏడు శాతానికి వేశారనుకోండి. ఏడాది వడ్డీ 56 వేలు. టీడీఎస్ 5,600. పాన్ లేకపోతే 11,200. మరో సంగతి, డిపాజిట్ అయిదేళ్లకు వేసి వడ్డీ చివర్లో తీసుకుందామనుకున్నా కోత మాత్రం ఏటేటా పడుతుంది. చేతికి రూపాయి రాకముందే పన్ను పోతుంది. ఇది మాకూ మింగుడుపడలేదు. కానీ వడ్డీ ఖాతాలో లెక్కకు ఎక్కినప్పుడే కోయాలన్నది చట్టం. బ్యాంకు గుమాస్తా మీద అరిస్తే లాభం లేదు.

ఒకే బ్యాంకులో నాలుగు బ్రాంచీల్లో ముక్కలు ముక్కలుగా వేస్తే తప్పించుకోవచ్చు అని ఒక గ్రామ సంఘంలో ఎవరో సలహా ఇచ్చారట. అది ఇప్పుడు చెల్లదు. కంప్యూటర్‌లో అన్ని బ్రాంచీలూ కలిపే చూస్తారు. వేర్వేరు బ్యాంకుల్లో వేస్తే టీడీఎస్ పడకపోవచ్చు. అయినా పన్ను ఉంటే ఉన్నట్టే, అది మాఫీ కాదు.

ఇప్పుడు అసలు భయపడాల్సిన విషయానికి వస్తున్నాం. ఈ కోత చిరాకుతో కొన్ని చోట్ల సంఘం డబ్బును లీడర్ పేరు మీదో, లీడర్ అత్తగారి పేరు మీదో డిపాజిట్ వేద్దామని మాట అనుకున్నారు. "వాళ్లకి ఏ ఆదాయమూ లేదు కదా, కోత పడదు" అని. అక్కలారా, ఆ పని ఎవరూ చేయొద్దు. డబ్బు ఎవరి పేరు మీద ఉంటే వడ్డీ వాళ్ల ఆదాయం కింద ఎక్కుతుంది. మన రాష్ట్రంలో పింఛన్ల దగ్గర ఇంట్లో ఎవరైనా ఆదాయపు పన్ను కడుతున్నారా అని చూడటం మనందరికీ అనుభవమే. పీఎం కిసాన్ డబ్బులు కూడా ముందటి సంవత్సరం పన్ను కట్టినవాళ్లకు రావు. సంఘం కోసం పేరు ఇచ్చిన పాపానికి ఆ ఇంటి పింఛను మీదకు రాకూడదు. అంతకన్నా పెద్ద మాట, రేపు ఆవిడకు ఏదైనా జరిగితే ఆ డిపాజిట్ నామినీకి పోతుంది. పన్నెండు మంది కూలి డబ్బుల్లోంచి మిగుల్చుకున్న సొమ్ము సంఘానిది అని రుజువు చేయడానికి మినిట్స్ పుస్తకం తప్ప మన చేతిలో ఏముంటుంది? 5,600 కోసం 8 లక్షలు గాలిలో పెట్టడమే అది.

ఇంకొందరు బ్యాంకే వద్దని, ఎక్కువ వడ్డీ ఇస్తాం, కోతలు లేవు అని చెప్పే చిట్టీలవాళ్ల దగ్గరికి, డిపాజిట్ ఏజెంట్ల దగ్గరికి వెళ్తున్నారు. పదేళ్ల కిందట అలా పోగొట్టుకున్న ఇళ్లు మన మండలంలో ఏ ఊళ్లో లేవు? దాని మీద ఎక్కువ చెప్పక్కర్లేదు.

సరే, మరి న్యాయంగా ఈ కోత ఆపేదెలా? 2025లో దానికి 15జి అని ఒక ఫారం ఉండేది. అరవై దాటినవాళ్లకు 15హెచ్. "ఈ సంవత్సరం నా మొత్తం ఆదాయం మీద పన్ను పడదు, కాబట్టి కోయొద్దు" అని మనం రాసి ఇచ్చే మాట అది. ఏప్రిల్‌లోనే ఇవ్వాలి, ప్రతి ఏడూ ఇవ్వాలి, డిపాజిట్ ఉన్న ప్రతి బ్యాంకులోనూ ఇవ్వాలి. పాన్ తప్పనిసరి. 15జికి ఇంకో షరతు ఉండేది, వడ్డీ మొత్తం పన్ను పడని పరిమితి లోపలే ఉండాలని. అబద్ధం రాస్తే జైలు దాకా వెళ్లే నేరం, కాబట్టి పక్కింటావిడ ఇచ్చిందని మనమూ ఇవ్వడం కాదు, లెక్క చూసుకుని ఇవ్వాలి. ఆ పెద్దావిడకు ఈ ఫారం సంగతి డిపాజిట్ వేసిన రోజున కౌంటర్‌లో ఎవరూ చెప్పలేదు. డిపాజిట్ కాగితం మీద సంతకం పెట్టించుకునే చేత్తో ఈ కాగితం కూడా ఇస్తే ఎంత పని? మేము బ్యాంకర్ల సమావేశంలో ఇదే అడిగాం. ఇస్తామన్నారు. ఇస్తున్నారో లేదో మీరు చెప్పాలి.

ఇప్పటికే కోసేసిన డబ్బు రావాలంటే రిటర్ను వేయాలి. పాన్ మీద ఎంత పట్టారో 26ఏఎస్ అనే కాగితంలో కనపడుతుంది. 2024-25 కోతకు విడి మనుషుల గడువు మామూలుగా జూలై 31, 2025లో దాన్ని సెప్టెంబరు 16 దాకా పొడిగించారు, ఆ గడువు ముగిసింది. "రిటర్ను వేస్తే టాక్స్ కట్టేవాళ్ల లిస్టులోకి ఎక్కి కార్డు పోతుందేమో" అని చాలామంది భయపడుతున్నారు. రిటర్ను వేయడం వేరు, పన్ను కట్టడం వేరు. పన్ను సున్నా అని చూపించి మన డబ్బు వెనక్కి తీసుకోవడం పన్ను కట్టడం కాదు. అయినా ఆ భయం ఉత్త భయం అని కొట్టిపారేయలేం, ఆఫీసుల్లో కంప్యూటర్‌లు మనుషుల కన్నా తొందరగా పేరు కొట్టేస్తాయి. అందుకే మేము గట్టిగా చెప్పేది, కోత పడ్డాక తిరగడం కన్నా పడకముందే ఫారం ఇవ్వడం మేలు.

పొదుపు సంఘానికీ ఈ దారి ఉంది. రిజిస్ట్రేషన్ లేని మన సంఘం చట్టం దృష్టిలో కొంతమంది మనుషుల సమూహం. దానికి విడిగా పాన్ తీసుకోవచ్చు, పన్ను పడని పరిమితీ ఉంటుంది, ఆ ఫారం ఇవ్వడానికీ వీలుంది. కంపెనీలూ భాగస్వామ్య ఫర్మ్‌లూ మాత్రమే ఇవ్వకూడదు. అందువల్ల పైన చెప్పిన 8 లక్షల సంఘానికి 56 వేల వడ్డీ తప్ప పన్ను లెక్కలోకి వచ్చే ఆదాయం ఇంకేమీ లేకపోతే పన్ను సున్నా.

సమాఖ్య దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. మన సమాఖ్య 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టర్ అయింది. సహకార సంఘానికి పన్ను పడని పరిమితి అనేదే లేదు. మొదటి 10 వేల మీద పది శాతం, తర్వాతి 10 వేల మీద ఇరవై, ఆ పైన ముప్పై. అదే 56 వేలు సమాఖ్యకు పన్ను పడే ఆదాయంగా మిగిలితే పన్ను 13,800. దాని మీద నాలుగు శాతం సెస్సు కలిపి 14,352. టీడీఎస్‌లో పోయిన 5,600 తీసేసినా ఇంకా 8,752 కట్టాలి. ఏడాదికి లక్షలు సంపాదించే మనిషికి పరిమితి ఉంది. వందల మంది కూలి ఆడవాళ్లు కలిసి పెట్టుకున్న సమాఖ్యకు మొదటి రూపాయి నుంచే పన్ను. ఇది మారాలని మేము అనుకుంటున్నాం, పై సమాఖ్యకు తీర్మానం కూడా పంపాం.

"సభ్యుల దగ్గర వచ్చే వడ్డీకీ పన్నేనా?" అని అడుగుతారు. కాదు. గ్రామ సంఘాలకు అప్పులిచ్చి తీసుకునే వడ్డీ మీద వచ్చే మిగులుకు, 2025లో అమల్లో ఉన్న చట్టంలోని 80పి సెక్షన్ కింద పూర్తి మినహాయింపు ఉంది. మన డబ్బు మనలోనే తిరిగితే అది లాభం కింద రాదన్నది కోర్టులూ ఒప్పుకున్న మాటే. ఇంట్లో వండుకుని ఇంట్లో తింటే హోటల్ వ్యాపారం అవదు కదా. కానీ మిగిలిన కూర బజారులో అమ్మితే? బ్యాంకులో డిపాజిట్ వేస్తే బ్యాంకు దాన్ని బయటివాళ్లకు అప్పిస్తుంది, అక్కడ ఇంటి లెక్క తెగిపోతుంది. 2013లో బెంగళూరు క్లబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అంతకుముందు 2010లో కర్ణాటకలోని టోట్‌గార్స్ సహకార సంఘం కేసులో, మిగులు డబ్బును బయట పెట్టుబడి పెడితే వచ్చే వడ్డీకి ఆ 80పి మినహాయింపు రాదని చెప్పింది. పెద్దోళ్ల క్లబ్బుకూ, మన మండల సమాఖ్యకూ ఒకే సూత్రం! నవ్వాలో ఏడవాలో మాకు తెలియలేదు.

దీనివల్ల పాలకవర్గం రెండు నిర్ణయాలు తీసుకుంది. ఒకటి, అప్పు అడిగే గ్రామ సంఘాలు వరుసలో ఉండగా సమాఖ్య డబ్బు బ్యాంకు డిపాజిట్‌లో పెట్టకూడదు. అత్యవసర నిధి వరకే డిపాజిట్. ఏడు శాతం వడ్డీలో పన్ను పోగా మిగిలేది చూస్తే, ఒక అక్క గేదె కొనుక్కోవడానికి ఇచ్చిన అప్పే సమాఖ్యకూ ఆవిడకూ లాభం. రెండు, రిటర్ను గడువులోపల వేయాలి. 80పి మినహాయింపు గడువు దాటితే రాదు. ఆడిట్ తప్పనిసరి అయిన సంఘాలకు మామూలుగా అక్టోబరు 31 గడువు. దానికి ఆడిట్ అవ్వాలి, ఆడిట్‌కు గ్రామ సంఘాల పుస్తకాలు రావాలి. పుస్తకాలు ఆలస్యం చేసే వీఓఏలు ఒక్కసారి ఇది గుర్తు పెట్టుకోండి, మీ ఒక్క ఊరి పుస్తకం ఆగితే మండలం మొత్తం మినహాయింపు ఆగుతుంది.

ఇంకో చిన్న సంగతి. సహకార సంఘం తన సభ్యులకు ఇచ్చే వడ్డీలో టీడీఎస్ పట్టాల్సిన పని లేదు, మన స్థాయి సంఘాలకు ఆ మినహాయింపు ఉంది. కాబట్టి సమాఖ్య ఇచ్చే వడ్డీలో ఎవరైనా "కోత" అని చెప్పి డబ్బు తగ్గించి ఇస్తే వెంటనే పాలకవర్గానికి చెప్పండి. ఆ పేరుతో ఎక్కడా మోసం జరగకూడదు.

ఈ నెలలో ప్రతి గ్రామ సంఘం సమావేశంలో డిపాజిట్లు ఉన్న సంఘాల పేర్లు, పాన్ నంబరు, అది ఆధార్ లింకు అవసరమైన వ్యక్తిగత పాన్ అయితే లింకు అయిందో లేదో రాసుకుని సీసీకి ఇవ్వాలి. ఈ ఏడాది ఫారం ఇంకా ఇవ్వనివాళ్లు వచ్చే ఏప్రిల్ దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడు ఇచ్చినా ఇక మీదట పడే కోత ఆగుతుంది. ఖాళీ ఫారాలు సమాఖ్య ఆఫీసులో ఉన్నాయి. నింపడం రాకపోతే మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా మా అకౌంటెంట్ కూర్చుంటుంది. పాస్‌బుక్, డిపాజిట్ రసీదు, పాన్ జిరాక్సు తెచ్చుకోండి. ఇచ్చిన ఫారం మీద బ్యాంకు ముద్ర వేయించుకుని ఒక కాపీ సంఘం ఫైల్లో పెట్టండి. డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు.