చెల్లు వ్రాసిన పత్రము



ఏలూరు మొదలుకొని తాడేపల్లిగూడెము వరకును, దక్షిణమున కొల్లేటి లంకల వరకును గల క్రైస్తవ సంఘములలో దేనికి పోయినను, ప్రభువు బల్ల ఆచరించు ఆదివారమున ఒక దృశ్యము కానవచ్చును. ఆరాధన యంతయు భక్తితో వినిన పెద్దలలో ఒకరిద్దరు, రొట్టెయు ద్రాక్షారసమును పంచు వేళకు కన్నులు నేలకు వ్రాల్చి వెనుకవరుసలోనే కూర్చుండిపోవుదురు. మరియొకరు మెల్లగా లేచి బయట చెప్పులు వెదకుకొందురు. ఏమండీ యని యడిగితిమా, “నేను యోగ్యుడను గానండి” అను మాట తప్ప వేరొక మాట రాదు. వీరు దుర్మార్గులు కారు. సంఘపు చందా ముందుగా నిచ్చువారు, ఇరుగుపొరుగుల తగవులు తీర్చువారు. ముప్పది యేండ్ల క్రిందటి యేదో యొక సంగతి వారి లోపల గుచ్చుకొని యున్నది. అన్నదమ్ముల పంపకములలో ఒక గట్టు జరుపబడి యుండవచ్చును. తండ్రి మంచము పట్టి కబురంపినపుడు కోపము పట్టి పోకుండ నుండి యుండవచ్చును. కోర్టులో ప్రమాణము చేసి చెప్పిన సాక్ష్యము పూర్తిగా నిజము గాకపోయి యుండవచ్చును. అది యెవ్వరితోను చెప్పుకొనరు. చెప్పుకొనక దానితోనే ముసలివారగుదురు. నేటి నా ప్రసంగము వీరిని గూర్చియే.

ఈ నడుమ “నిన్ను నీవు క్షమించుకొనుము” అను హితవు తరచుగా వినవచ్చుచున్నది. చెప్పువారి మనసు మంచిదే. అయినను బైబిలు గ్రంథమును మొదటినుండి తుదవరకు చదివినను ఈ ఆజ్ఞ నాకు కానరాలేదు. కానరాకుండుటకు కారణము కలదని నా యభిప్రాయము. తాడేపల్లిగూడెమున బెల్లపు దుకాణములలోను ఉల్లి కొట్లలోను చిట్టా ఆవర్జాలు వ్రాయువారికి ఈ కారణము వేరుగా చెప్పనక్కరలేదు. అప్పు పుచ్చుకొన్నవాడు తన పత్రము వెనుక తానే చెల్లు వ్రాసికొనిన అది చెల్లునా? చెల్లదు. ఇచ్చినవాడు వ్రాయవలెను. వ్రాసిన పిమ్మట పుచ్చుకొన్నవాని పని యొక్కటే, దానిని నమ్ముట.

ప్రభువు నేర్పిన ప్రార్థనను మన తెలుగువారు ఎట్లు చెప్పుచున్నారో గమనింపుడు. ప్రొటెస్టెంటు సంఘములవారు పాపమును “ఋణము” అని పలుకుదురు. కతోలికులు “అప్పు” అని పలుకుదురు. రెండు శాఖలవారికి పెక్కు విషయములలో మాట కలియకున్నను ఇచ్చట మాత్రము కలిసినది. మత్తయి సువార్తలోని గ్రీకు మాటకు అర్థము అదియే. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని విని పెరిగిన మన దేశమునకు ఈ భావము పరాయిది కాదు. పౌలు అపొస్తలుడు కొలస్సయులకు వ్రాసిన లేఖలో మనకు విరోధముగా నున్న ఋణపత్రమును దేవుడు తుడిచివేసి సిలువకు మేకులతో కొట్టెనని చెప్పుచున్నాడు. ఇక తీర్చబడిన పత్రమునకు ఏటేట వడ్డి కట్టుచున్న రైతును తలచుకొనుడు. షావుకారు “నీ బాకీ లేదయ్యా, పొమ్ము” అని యెంత చెప్పినను, ఇతడు ప్రతి సంక్రాంతికి మూట విప్పి రూపాయలు లెక్కించుచున్నాడు. చూచువారు దీనిని వినయమందురు. షావుకారునకు మాత్రము తన మాటమీద నమ్మకము లేదని చెప్పినట్లుగానే తోచును.

మరియొక విధముగా చెప్పెదను. హైకోర్టు కొట్టివేసిన శిక్షను క్రింది కోర్టు పట్టుపట్టి అమలు జరుపుట ఎక్కడనైన కలదా? “దేవుడు క్షమించినాడు గాని నేను నన్ను క్షమించుకొనలేను” అనునపుడు జరుగునది ఇదియే. మన హృదయము మనలను దోషులని పలికినను దేవుడు మన హృదయముకంటె పెద్దవాడని యోహాను వ్రాసినాడు. పై కోర్టు ఏదో అచ్చట తేలినది.

మన తెలుగు బైబిలులో రెండు మాటలున్నవి. ఒకటి పశ్చాత్తాపము, రెండవది మారుమనస్సు. బడిలో వ్యాకరణము చెప్పిన అలవాటు చేత ఈ మాటలను విప్పక యుండలేను. పశ్చాత్ అనగా తరువాత. తాపము అనగా మంట. జరిగిపోయిన తరువాత పుట్టు మంట యని యర్థము. మంట అవసరమే. అది లేనివానికి వైద్యము లేదు. కాని మంట మంటయే, మందు కాదు. మారుమనస్సు అనగా మనస్సు ముఖము త్రిప్పుకొని వేరొక వైపు నడచుట. యూదా ఇస్కరియోతును గూర్చి వ్రాయుచు మత్తయి సువార్త “పశ్చాత్తాపము” అను మాటనే వాడినది. అతడు ముప్పది వెండి నాణెములను తిరిగి తెచ్చెను, తాను చేసినది పాపమని యాజకులయెదుట ఒప్పుకొనెను. ఒప్పుకోలు కలదు, సొమ్ము తిరిగి యిచ్చుట కలదు, మంట కలదు. అయినను పోయి ఉరి పెట్టుకొనెను. లేనిది ఒక్కటే. ఎవరిపట్ల తప్పు చేసెనో ఆయన యొద్దకు పోలేదు. తన తీర్పు తానే చెప్పుకొని తానే అమలు జరుపుకొనెను.

అదే రాత్రి పేతురు కూడ తప్పినాడు. ప్రధానయాజకుని యింటి ముంగిట బొగ్గుల మంటయొద్ద చలి కాచుకొనుచు, ఆ మనుష్యుని నేనెరుగనని ముమ్మారు బొంకెను. కోడి కూసినంతట వెలుపలికి పోయి వెక్కి వెక్కి యేడ్చెను. తరువాతి కథ కొల్లేటి యొడ్డున పుట్టి పెరిగినవారికి మరింత బాగుగా తెలియును. ఆయనయు ఆయన తోడివారును తిరిగి పడవ యెక్కి తిబెరియ సరస్సులో రాత్రియంతయు వల వేసిరి. ఒక్క చేప పడలేదు. తెల్లవారువేళకు ఒడ్డున బొగ్గుల నిప్పులు, వాటిమీద చేపలు, ప్రక్కన రొట్టె. పునరుత్థానుడైన ప్రభువు వంట చేసి పిలుచుచున్నాడు. యోహాను సువార్తలో బొగ్గుల మంట రెండు తావులలోనే కనబడును. బొంకినచోట ఒకటి, ఇచ్చట ఒకటి. ఆ పొగ వాసనకు పేతురునకు ఆ రాత్రి గుర్తు రాకుండ నుండునా? కాని ముందుగా ఆకలి తీర్చి, పిదప ప్రభువు మాటలాడినాడు. ఎందుకు బొంకితివని యడుగలేదు. నన్ను ప్రేమించుచున్నావా యని ముమ్మారు అడిగెను. ముమ్మారును గొఱ్ఱెలను కాచు పని యొప్పగించెను. తప్పినవానికి తిరిగి పని యిచ్చుటకంటె పెద్ద క్షమాపణ నాకు తెలియదు. ఏ యింటనైనను, సొమ్ము పోగొట్టిన పాలేరునకు మరల గాదె తాళములు ఇచ్చినారన్న, ఆ తగవు నిజముగా తీరినదన్నమాట.

ఇక “యోగ్యుడను గానండి” అను మాటకు వత్తును. అయోగ్యముగా ఆ రొట్టె తినరాదని పౌలు కొరింథీయులకు వ్రాసిన హెచ్చరికయే ఈ పెద్దలను వెనుక కూర్చుండబెట్టుచున్నది. అయోగ్యుడు అను మాట మనిషిని చెప్పును. అయోగ్యముగా అనునది క్రియావిశేషణము, తిను తీరును చెప్పును. ఆ యధ్యాయము చదివిన సంగతి తేటపడును. కొరింథులో కలవారు ముందుగా వచ్చి తెచ్చుకొన్నది తిని త్రాగి మత్తులగుచుండిరి. పనిపాటలు ముగించుకొని వచ్చిన పేదలు ఆకలితో చూచుచుండిరి. సహోదరుని అవమానించుచు తినుటయే అయోగ్యముగా తినుట. యోగ్యులు మాత్రమే రావలెనన్నచో ఆ మొదటి రాత్రి బల్లచుట్టు ఎవరు మిగులుదురు? యూదా యుండెను, పేతురు ఉండెను, తెల్లవారకమునుపే పారిపోబోవు తక్కినవారు ఉండిరి.

ఇంతమాత్రమున గట్టు జరిపినవాడు జరిపిన నేలను అనుభవించుచు బల్లకు రావచ్చునని నేను చెప్పుటలేదు. మన పల్లె రచ్చబండమీద తప్పు అను మాటకు రెండర్థములు కలవు. చేసిన నేరమును తప్పే, దానికి పెద్దలు వేయు జరిమానాయు తప్పే. తప్పు చెల్లించినవానిని తిరిగి పంక్తిలో కూర్చుండబెట్టుదురు. యెరికో పట్టణపు సుంకరి జక్కయ్య, తన యింట ప్రభువు బస చేసిన దినముననే, ఆస్తిలో సగము బీదలకనియు, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి యిత్తుననియు చెప్పినాడు. ఇచ్చినందుకు ప్రభువు వచ్చుట కాదు, వచ్చినందుకే ఇచ్చుట. ఈ వరుస మరువరాదు. తమ్ముడు చనిపోయినను తమ్ముని పిల్లలున్నారు. ఆ సెంటున్నర నేలను దస్తావేజు వ్రాసి యిచ్చుట సాధ్యమైనచో ఇచ్చి తీరవలెను. సాధ్యముకానిచో, అనగా తండ్రి కాటికి పోయినచో, ఆ ఋణము మనుష్యుల చేతులు దాటిపోయినది.

దోషమే లేని చోట దోషమును మోయువారు వేరొక తెగ. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచినపుడు వేలకొలది జనులు పోయిరి. ఆ నీటిలో చేతిలోని బిడ్డ జారిపోయిన తల్లికి, మిగిలిన యేండ్లన్నియు తన చేతినే నిందించుకొనుట సహజము. ఇట్టివారితో “దేవుడు నిన్ను క్షమించును” అని చెప్పుట కూడ పొరపాటే, లేని నేరమును స్థిరపరచినట్లగును. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయినపుడు, వారు తక్కినవారికంటె ఎక్కువ పాపులా యని అడిగి ప్రభువు తానే కాదని చెప్పినాడు. అట్టి తల్లికి కావలసినది క్షమాపణ కాదు, ప్రక్కన కూర్చుండి వినువారు.

వినుట యనగా జ్ఞాపకమునకు వచ్చినది. కతోలికులలో గురువు చెవిని పాపసంకీర్తనము చేయు ఆచారము కలదు. తక్కిన సంఘములలో ఆరాధనయందు అందరును కలిసి ఒప్పుకోలు చెప్పుదురు. అందరితో కలిపి చెప్పుట సులభము, తనది తాను చెప్పుట కష్టము. పాపము చేసినవాడు దానిని వెల్లడించుట, దానికై తపించుట విముక్తికి మార్గములలోనివని మనుస్మృతియు చెప్పుచున్నది. ఒకరితోనొకరు ఒప్పుకొనుడని యాకోబు తన పత్రికలో వ్రాసినాడు. కాని వినుపెద్దకు నోరు కట్టు తప్పక యుండవలెను. నలుగురిలో చెప్పించి, మరునాడు అరుగులమీద చర్చించు పెద్దరికము మనకు వలదు. చెప్పుటకు కూడ హద్దు కలదు సుమా. మార్టిన్ లూథరు 1505లో సన్న్యాసుల మఠమున చేరిన పిదప, ఒక్కొక్కప్పుడు ఆరుగంటలసేపు చిన్న చిన్న పాపములన్నియు ఏకరువు పెట్టి తన గురువైన స్టౌపిట్జునకు విసుగు పుట్టించెడివాడట. ఎన్ని చెప్పినను మరియొకటి మిగిలినదేమో యను భయము. ఆ భయము లెక్కతో తీరలేదు. నీతిమంతుడు విశ్వాసమూలముగా జీవించునను వాక్యము గ్రహించిన పిమ్మట తీరినది. మన గోదావరి పల్లెలలోని లూథరన్ సంఘములవారు ఎవరి పేరు పెట్టుకొన్నారో ఆయన ఇట్లు బాధపడినవాడే.

కొల్లేటికి తమ్మిలేరు, బుడమేరు మొదలగు ఏళ్ళు నీరు తెచ్చును. సముద్రమునకు పోవు దారి మాత్రము ఉప్పుటేరు ఒక్కటే. చేపల చెరువుల గట్లు అడ్డుగా పెరిగి, పోవు నీరు నిలిచి ఊళ్ళమీదికి తన్నుటను మీరు చూచినారు. 2006లో ప్రభుత్వము ఆ గట్లను తెగగొట్టించుటయు చూచినారు. ఏరు పారి రాకుండ ఆపుట ఎవరి తరమును కాదు, కావలసినది పోవుదారి. మన పాపములను దేవుడు సముద్రపు అగాధములలో పడవేయునని మీకా ప్రవక్త చెప్పినాడు. కొల్లేటివారికి ఆ దారి ఏదో చూపనక్కరలేదు.

చివరగా మన ప్రాంతపువానిని ఒకనిని తలచుకొందము. కృష్ణా మండలములోని రాఘవాపురమున పాగోలు వెంకయ్య యను మాల కులస్థుడుండెను. దోపిడిగాండ్ర గుంపునకు నాయకుడుగా నుండినవాడని సంఘచరిత్రకారులు వ్రాసినారు. విగ్రహములమీద నమ్మకము సడలి, పేరు తెలియని దేవుని ఎన్నో యేండ్లు ప్రార్థించుచు గడపెను. 1859లో డార్లింగ్ అను చర్చి మిషనరీ సొసైటీ దొర చేత బాప్తిస్మము పొందెను. దోచిన చేతులు తనవే యని జీవితమంతయు వెనుకవరుసలో కూర్చుండుటకు ఆయనకు కారణము లేకపోలేదు. కూర్చుండలేదు. ఊరూర తిరిగి తన వారికి బోధించెను. ఈ మండలములలో మాల కుటుంబములు వేలకొలదిగా క్రైస్తవ సంఘమున చేరుటకు ఆయనయే మొదటివాడు. ఆ వెంకయ్య “నేను యోగ్యుడను గాను” అని చెప్పులు వెదకుకొని యున్నచో, నేడు వెనుక కూర్చుండుటకైన ఎన్నో ఊళ్ళలో గుడి యుండెడిది కాదు.

వచ్చు బల్ల ఆదివారమున మీ సంఘములోని ఆ పెద్ద మరల వెనుకనే కూర్చుండును. ఎందుకని అడుగవలదు. ముందుగా నొక సాయంకాలము ఆయన యింటికి పోయి, అరుగుమీద కూర్చుండి, పంటలమాట, చేపల ధరలమాట మాటలాడుడు. ఆయన చెప్పదలచిన చెప్పును, లేనిచో మరియొక సాయంకాలము పొండు. ఆదివారమున ఆయన ప్రక్కనే కూర్చుండుడు. లేచునప్పుడు ఆయన భుజముమీద చేయి వేసి, కలిసి లేవుడు.