ఇంటి పెరటిలోని సరుగుడు చెట్లు



సరుగుడు మన తీరగ్రామములకు చిరకాల నేస్తము. ఇసుకను నిలుపును, గాలి ఉరవడిని తగ్గించును, వంటచెరకు నొసగును. చూపునకు దేవదారు వలె నున్నను ఇది ఆ జాతిది కాదు. తోపులో మేలుచేయు ఈ చెట్టే ఇంటిచూరు ప్రక్కన ఏపుగా నెదిగినచో అపాయకరమగును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినపుడు అసంఖ్యాకములైన వృక్షములు నేలకొరిగినవి.

కావున ఇంటిపై పడునంత ఎత్తైన చెట్టును తుపానుల కాలమునకు ముందే తీయించుట క్షేమము. నరుకుటకు అనుమతి వలయునేమో ముందుగా పంచాయతీలో విచారింపవలెను. విద్యుత్తు తీగలు చేరువనున్నచో, ఆ శాఖవారు సరఫరా నిలిపిన పిమ్మటనే పని మొదలిడవలెను. ఇంటి దాపున చెట్టును మొదలంట ఒక్కమారుగా కూల్చరాదు. అనుభవముగల పనివాడు తొలుత కొమ్మలను, పిదప మానును పైనుండి ముక్కలుగా కోసి, మోకులతో దింపవలెను. క్రింద పిల్లలను, పశువులను నిలువనీయరాదు.

తుదకు మొదలుచుట్టు త్రవ్వి, ప్రక్కవేళ్లు నరికి, మొద్దును పెకలింపవలెను. గుంటను మట్టితోను పశువుల ఎరువుతోను పూడ్చి, పెరటికి తగిన నిమ్మనో కరివేపనో నాటుడు. పెంచిన చెట్టుపై మమకారము సహజమే. కాని ఆ చూరు క్రింద నిదురించు బిడ్డల క్షేమము అంతకంటె మిన్న యని మా మనవి.