మనవల చేతికి ఏ పుస్తకం ఇద్దాం?

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక వరుసలో ఫోన్లు చూసుకుంటున్న చిరంజీవులకు ఆశీస్సులు.

కార్యదర్శి గారు డి.ఎ. బకాయిల సంగతి చెప్పిన తరువాత నేను పిల్లల పుస్తకాల గురించి మాట్లాడటమంటే, భోజనాలు అయిపోయాక హరికథ మొదలుపెట్టడమే. అయినా ఒక పావుగంట ఓపిక పట్టండి. నేను పండితుణ్ణి కాను. ట్రెజరీలో ముప్పై నాలుగేళ్ళు బిల్లులు చూసినవాణ్ణి. పదవీ విరమణ తరువాత మా కాలనీ పార్కు పక్కన ఉన్న గదిలో ఆదివారం పూట పిల్లలకు పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే పని పెట్టుకున్నాను. ఏ పుస్తకం ఎవరు తీసుకువెళ్ళారు, మళ్ళీ అడిగారా లేదా అన్నది రిజిస్టరులో రాస్తాను. పాత అలవాటు. ఈ రోజు చెప్పబోయేదంతా ఆ రిజిస్టరు చెప్పిన మాటే.

ముందుగా ఒక సంగతి. రెండేళ్ళ కిందట మన సభ్యులొకరు కాలం చేశారు. పేరు చెప్పను, మీలో కొందరికి తెలుసు. ఆయన చివరి నాలుగేళ్ళలో తన చిన్ననాటి ఊరు, చదువు, ఉద్యోగంలో బదిలీలు, భార్యతో గడిపిన రోజులు అన్నీ ఒక పెద్ద నోటు పుస్తకంలో రాసి పెట్టారు. గుండ్రటి దస్తూరీ. ఆయనకు ముగ్గురు మనవలు. ముగ్గురూ తెలుగు గలగలా మాట్లాడతారు, ఒక్కరికీ చదవడం రాదు. ఇంజినీరింగు చదువుతున్న పెద్దమ్మాయి ఆ పుస్తకం తెచ్చి, “తాతగారూ, మీరు చదవండి, నేను ఫోనులో రికార్డు చేసుకుంటాను” అంది. నాలుగు సాయంత్రాలు చదివాను. ఆ అమ్మాయి పుట్టిన రోజు గురించి రాసిన పేజీ వచ్చినప్పుడు నన్ను ఆపి, “నా పేరు ఎక్కడుంది?” అని అడిగి ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసుకుంది.

ఈ ప్రత్యేక సంచికనే తీసుకోండి. మన ఇళ్ళలో దీన్ని చదివేది మనమూ, మన ఈడువాళ్ళూ. మన తరువాత ఇది చదివేవాళ్ళెవరు? కాబట్టి పిల్లల పుస్తకాల విషయం పిల్లలకు సంబంధించినది మాత్రమే అనుకోకండి.

ఇక పుస్తకాలు. అయిదారేళ్ళ పిల్లలకు చదవమని పుస్తకం ఇవ్వకండి, మీరే చదివి వినిపించండి. ఒడిలో కూర్చోబెట్టుకుని, అక్షరాల కింద వేలు జరుపుతూ చదవాలి. నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు, తార్నాకలోని మంచి పుస్తకం వారి బొమ్మల పుస్తకాలు దీనికి బాగా పనికివస్తాయి. ధర మనకు అందుబాటులోనే ఉంటుంది. పేజీకి నాలుగు ముక్కలు, మిగతాదంతా బొమ్మ. దుకాణాల్లో తళతళలాడే అట్టలతో లావుపాటి కథల సంపుటాలు దొరుకుతాయి. ప్రతి కథ కిందా ‘నీతి’ అని వేరే అచ్చు వేసి ఉంటుంది. అవి నాకు నచ్చవు. పిల్లలకూ నచ్చవు. నా రిజిస్టరులో అలాంటివి ఒకసారి వెళ్ళి వచ్చాయి, రెండోసారి వెళ్ళలేదు.

ఏడెనిమిదేళ్ళు వచ్చాక చందమామ. మీ ముఖాల్లో నవ్వు కనిపిస్తోంది! 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టారు. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాని సంపాదకత్వం చూశారు. ఇప్పుడు ఆ పత్రిక రావటం లేదు. ఆగిపోయి పదేళ్ళు దాటింది. అయినా నేను దాన్నే ముందు చెబుతున్నానంటే పాత రోజుల మీద మమకారంతో కాదు. అందులోని వాక్యం కోసం. ఒక వాక్యంలో ఒక పని జరుగుతుంది. రాజు వేటకు వెళ్ళాడు, దారి తప్పాడు, దాహం వేసింది. వర్ణన లేదు, ఉపన్యాసం లేదు. అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడు రెండు వాక్యాలు చదివేసరికి కథలో ఏదో ఒకటి జరిగిపోతుంది, మూడో వాక్యానికి వాడంతట వాడే వెళతాడు. ఇంగ్లీషు మీడియం పిల్లలకు తెలుగు చదవడం పట్టుబడాలంటే ఇంతకంటే మంచి మార్గం నాకు కనబడలేదు.

మనలో చాలామంది ఇళ్ళలో బైండు చేయించిన పాత చందమామలు అటక మీద ఉంటాయి. దించండి. దుమ్ము దులిపి, కుట్లు ఊడితే మళ్ళీ బైండు చేయించండి. చిత్రా, శంకర్ బొమ్మలు, వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు చూసి పిల్లలు అక్షరాల జోలికి రాకముందే ఆ పుస్తకం పట్టుకుంటారు. బేతాళ కథ చదివేటప్పుడు ఒక చిట్కా ఉంది. బేతాళుడు ప్రశ్న వేసిన చోట పుస్తకం మూసేయండి. “నువ్వయితే ఏం చెబుతావు?” అని అడగండి. మా గదిలో ఒక కథకు పదకొండు మంది పిల్లలు ఏడు రకాల జవాబులు చెప్పారు. విక్రమార్కుడి జవాబు తప్పని వాదించిన పిల్ల కూడా ఉంది, ఆ వాదన నాకూ సబబే అనిపించింది! కొంచెం పెద్దపిల్లలకు దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు. ‘తోకచుక్క’ పట్టుకున్న పిల్లవాణ్ణి భోజనానికి పిలవడం దండగ.

బుడుగు గురించి కొందరితో నాకు పేచీ ఉంది. పిల్లవాడి పేరున ఉంది కదా అని ఏడేళ్ళ వాడి చేతిలో పెట్టి ఊరుకుంటారు. ముళ్ళపూడి వారి చమత్కారం సగం పెద్దవాళ్ళ మీద, అది పిల్లవాడికి ఒంటరిగా అందదు. బుడుగును పైకి చదవాలి, అదీ ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు. పిల్లలు మాట్లాడే తీరులోనే రాసిన పుస్తకం కనుక నోటితో చదివితేనే దాని రుచి. బాపు గారి బొమ్మలు చూపిస్తూ చదవండి. సీగానపెసూనాంబ పేరు పలకడానికి పిల్లలు పడే తంటాలే ఒక వినోదం. రామాయణ భారతాలకు ఉషశ్రీ గారు ఉండనే ఉన్నారు. విజయవాడ రేడియోలో ఆయన గొంతు విన్నవాళ్ళం మనం, ఆ ఊపులోనే చదివి వినిపిస్తే చాలు.

తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ లోపు వాళ్ళకు సోవియట్ పుస్తకాలు. విశాలాంధ్ర దుకాణంలో రూపాయికీ రెండు రూపాయలకీ గట్టి అట్టలు, రంగుల బొమ్మలతో మాస్కోలో తెలుగులో అచ్చయిన పుస్తకాలు కొన్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. 1991లో ఆ దేశంతోపాటు ఆ పుస్తకాల రాకా ఆగిపోయింది. వాటిలో చాలావాటిని మంచి పుస్తకం వారు మళ్ళీ వేశారు. రాజకీయం మాట పక్కన పెట్టండి, మంచులో ఆడుకునే పిల్లల కథ మన పిల్లలకు ఎందుకంటారా? మా గదిలో ఎప్పుడూ మంచు చూడని పిల్లలే వాటిని ఎక్కువసార్లు తీసుకువెళ్ళారు. లెక్కలూ సైన్సూ అంటే ఆసక్తి ఉన్నవాళ్ళకు పెరెల్మాన్ రాసిన భౌతికశాస్త్రం పుస్తకం కనబడితే వదలకండి.

తెలుగువాడే రాసిన సైన్సు కావాలంటే మహీధర నళినీమోహన్ గారిని చదివించండి. ఆయన స్వయంగా శాస్త్రవేత్త. పిడుగుల గురించీ గ్రహణాల గురించీ పిల్లలకు కథ చెప్పినట్టు రాశారు. ఆయన ‘క్యాలెండర్ కథ’ తీసుకువెళ్ళిన ఆరో తరగతి కుర్రవాడు నాతో తేదీల చర్చ పెట్టుకున్నాడు. 1582లో పోప్ గ్రెగరీ పంచాంగం సవరించినప్పుడు అక్టోబరు 4 మర్నాడే 15 అయిందనీ, మధ్యలో పది రోజులు లెక్కలోంచి తీసేశారనీ మాట్లాడుకున్నాం. నేను ట్రెజరీ మనిషిని కదా, ఆ నెల జీతం ఎన్ని రోజులకు లెక్క కట్టారా అన్న సందేహం నాకు అప్పటినుంచీ పోలేదు.

హైస్కూలు పిల్లలకు నేను మొదట చెప్పే పుస్తకం ‘రైలుబడి’. జపానులో తెత్సుకో కురోయనాగి 1981లో తన చిన్ననాటి బడి గురించి రాసింది. అల్లరి ఎక్కువైందని ఒక బడిలోంచి పంపేస్తే ఆ పిల్లను తల్లి మరో బడికి తీసుకువెళుతుంది. అక్కడ పాత రైలు పెట్టెలే తరగతి గదులు. హెడ్మాస్టరు కొబయాషి గారు మొదటి రోజున ఆ పిల్ల చెప్పే కబుర్లు నాలుగు గంటలపాటు విసుగు లేకుండా విన్నారు. ఆ బడి 1945లో టోక్యో మీద జరిగిన బాంబు దాడిలో కాలిపోయింది. పిల్లలు చదివాక మీ అబ్బాయి, కోడలు, కూతురు, అల్లుడు కూడా చదివేటట్టు చూడండి. వాళ్ళకే ఎక్కువ అవసరం. గిజుభాయి ‘పగటికల’ కూడా పెద్దవాళ్ళ కోసమే. మా గదిలో ఒక టీచరమ్మ దాన్ని తీసుకువెళ్ళి మూడు నెలలకు గానీ తిరిగి ఇవ్వలేదు. జరిమానా వెయ్యలేదు లెండి.

నామిని ‘పచ్చనాకు సాక్షిగా’, ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ పదో తరగతి పిల్లలకు ఇస్తున్నాను. ఒకటి చిత్తూరు పల్లె, ఒకటి నెల్లూరు జిల్లా ముస్లిం ఇల్లు. అమ్మమ్మ మాట్లాడే మాట అచ్చులో చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు. తమ యాస సిగ్గుపడే వస్తువు కాదని వాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు. కొన్ని చోట్ల మాట కాస్త మోటుగా ఉంటుంది. ముందు మీరు చదివి, పిల్లల వయసు చూసి ఇవ్వండి. ఇంకా పై చదువులవాళ్ళకు గాంధీజీ ఆత్మకథ, కలాం గారి పుస్తకానికి వాడ్రేవు చినవీరభద్రుడు గారి తెలుగు ‘ఒక విజేత ఆత్మకథ’, అలెక్స్ హేలీ ‘ఏడు తరాలు’ ఉన్నాయి.

ఇంగ్లీషు మీద నాకు కోపం లేదు. ఆర్.కె. నారాయణ్ 1935లో రాసిన ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’, రస్కిన్ బాండ్ కథలు నా దగ్గరే ఉన్నాయి. రెండు భాషలూ చదివే పిల్లలకు ఏదీ బరువు కాదు. అమెరికాలో మనవలున్నవాళ్ళు వీడియో కాల్‌లో రోజుకో పేజీ చదివి వినిపించండి. మన సభ్యులొకరు ఎనిమిది నెలలుగా అలా చేస్తున్నారు. ఇప్పుడు మనవరాలే పేజీ చదువుతోంది, ఆయన తప్పులు దిద్దుతున్నారు.

డబ్బు మాట. పింఛనుదారులం, అన్నీ కొనలేం. 1960 గ్రంథాలయ చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతోంది. రసీదు తీసి చూసుకోండి. మన డబ్బుతో నడిచే గ్రంథాలయంలో మనవల పేరున సభ్యత్వం తీసుకోవడం మన హక్కు. పిల్లల విభాగంలో కొత్త పుస్తకాలు లేకపోతే కావలసినవాటి జాబితా కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి గ్రంథపాలకులకు ఇవ్వండి. అర్జీలు రాయడం మనకు కొత్త కాదు కదా!

చివరగా కార్యవర్గానికి ఒక ప్రతిపాదన. ఏటా మంచి మార్కులు తెచ్చుకున్న మన మనవలకు గోడ గడియారాలు, సంఘం పేరు చెక్కించిన స్టీలు డబ్బాలు ఇస్తున్నాం. మా ఇంట్లో అలాంటి గడియారాలు మూడున్నాయి, మూడూ మూడు టైములు చూపిస్తాయి. ఈ ఏడాది నుంచి ఆ సొమ్ముకే పుస్తకాలు ఇద్దాం. అయితే కమిటీ ఎంపిక చెయ్యకూడదు. చేస్తే అందరికీ వ్యక్తిత్వ వికాసం పుస్తకాలే వస్తాయి. పిల్లలను పుస్తకాల దుకాణానికి తీసుకువెళ్ళి, ఇంత సొమ్ముకు నీకు నచ్చినవి తీసుకో అని వదిలేద్దాం. ఒక్క షరతు: అందులో ఒకటైనా తెలుగు పుస్తకం ఉండాలి. కోశాధికారి గారితో లెక్క చూశాను, అదనంగా పైసా ఖర్చు లేదు.

ఇది తీర్మానంగా పెడుతున్నాను, బలపరిచేవారు చెయ్యెత్తండి. అటక మీది చందమామలు ఇవ్వదలచినవారు నాతో చెబితే ఆటోలో వచ్చి నేనే తీసుకువెళతాను. గది ఆదివారం పదింటికి తెరుస్తాను, పన్నెండున్నర దాకా ఉంటాను.