ఆ రెండు గంటలు మనమే ఇవ్వాలి

(వాడలో జరిగిన మహిళల సమావేశంలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

 

కడుపుతో ఉన్న ఆడవాళ్లకు వచ్చే షుగరు గురించి ఈ రోజు మాట్లాడతాను. మగవాళ్లు లేచి పోవద్దు. ఇందులో సగం మాటలు మీకే చెప్పాలి.

"షుగరు ఉన్నోళ్ల రోగం. కూసొని తినేటోళ్లకు వస్తది. పొద్దంతా పత్తి ఏరే మనకెందుకు?" వాడలో ఈ మాట ఎన్నోసార్లు విన్నాను. నా రెండో కాన్పప్పుడు ఒక ఆసుపత్రిలో చదువుకున్న డాక్టరు కూడా ఇదే అన్నాడు. "మీరు కష్టం చేసేవాళ్లు, మీకు షుగరేమిటి?" అని నవ్వాడు. మెచ్చుకున్నట్టే ఉంది. కానీ ఆ మాటతో నాకు పరీక్ష రాయకుండా పంపబోయాడు. నేను పట్టుబట్టి రాయించుకున్నాను. షుగరు ఉందని తేలింది. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివినదాన్ని కాబట్టి నిలబడి అడిగాను. నోరు తెరిచి అడగలేని మన అక్కల గతి ఏమిటి?

అసలు ఇది ఎందుకు వస్తుంది? తిన్న తిండి రక్తంలో చక్కెరగా మారుతుంది. దాన్ని ఒంటికి అందించేది ఇన్సులిన్. కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు మాయ నుంచి వచ్చే కొన్ని రసాలు ఆ ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. అప్పుడు తల్లి ఒళ్లు మామూలు కంటే ఎక్కువ ఇన్సులిన్ తయారు చేయాలి. చేయలేకపోతే రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఇందులో ఆమె చేసిన తప్పు లేదు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. చాలామందికి ఏ గుర్తూ తెలియదు. పరీక్ష చేస్తేనే బయటపడుతుంది.

పేదలకు రాదన్నది అబద్ధం. 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం తిండి రాకుండా అడ్డుకోవడంతో నెదర్లాండ్స్ పట్టణాల్లో జనం ఆకలితో అల్లాడారు. ఆ కరువునాడు తల్లి కడుపులో ఉన్నవాళ్లను యాభై ఏళ్ల వయసులో పరీక్షిస్తే, చక్కెరను అదుపు చేసే శక్తి వాళ్లలో తక్కువగా కనిపించింది. మన దేశంలో పుణె దగ్గరి పల్లెల్లో డాక్టర్ యాజ్ఞిక్ బృందం 1993లో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. మన పిల్లలు తక్కువ బరువుతో, తక్కువ కండతో పుట్టినా, ఒంట్లో కొవ్వు మాత్రం అంతగా తగ్గడం లేదని తేల్చింది. అలాంటి ఒళ్లు పెద్దయ్యాక షుగరుకు సులువుగా లొంగుతుంది. మన అమ్మలు, అమ్మమ్మలు పస్తులుండి మనల్ని మోశారు. కాబట్టి షుగరుకు మనం దూరమని ఎవరన్నా నమ్మకండి.

పట్టించుకోకపోతే ఏమవుతుంది? తల్లికి బీపీ పెరగొచ్చు. ఉమ్మనీరు ఎక్కువ కావొచ్చు. బిడ్డ మరీ బరువు పెరిగి కాన్పులో భుజం ఇరుక్కోవచ్చు. పుట్టగానే బిడ్డకు చక్కెర పడిపోవచ్చు. ఒక్కోసారి బిడ్డ కడుపులోనే పోవచ్చు. ఇవి మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. షుగరును అదుపులో పెడితే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది.

ఇక పరీక్ష సంగతి. కడుపుతో ఉన్న ప్రతి ఆడమనిషికీ రెండుసార్లు ఈ పరీక్ష చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2018లో వాటిని సవరించింది. మొదటిసారి పరీక్ష, పేరు రాయించుకోవడానికి వెళ్లినప్పుడే. అప్పుడు లేదని తేలితే మళ్లీ 24 నుంచి 28 వారాల మధ్య, అంటే ఆరో నెల, ఏడో నెలలో. ఆలస్యంగా వెళ్లినా సరే, వెళ్లిన రోజే అడగండి.

75 గ్రాముల గ్లూకోజు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఇస్తారు. అయిదు పది నిమిషాల్లో తాగాలి. సరిగ్గా రెండు గంటలకు రక్తం చూస్తారు. 140 గానీ అంతకు మించి గానీ వస్తే షుగరు ఉన్నట్టు. పరగడుపున వెళ్లాల్సిన పని లేదు, తిని వెళ్లినా పరీక్ష చేస్తారు. దూరం నుంచి నడిచి వచ్చే మనలాంటి వాళ్లకు పనికొచ్చే ఈ పద్ధతిని ముందుకు తెచ్చింది చెన్నై డాక్టర్ శేషయ్య, ఆయన తోటి వైద్యులు. తాగిన అరగంటలోపు వాంతి అయితే మర్నాడు మళ్లీ చేయించుకోవాలి. అరగంట దాటాక అయితే ఆ పరీక్షే కొనసాగుతుంది.

మరి చిక్కు ఎక్కడుంది? ఆ రెండు గంటల్లో ఉంది. సర్కారు దవాఖానాలో గ్లూకోజుకు డబ్బు కట్టక్కరలేదు. కానీ అక్కడికి పోతే ఆ రోజు కూలి పోతుంది. మేస్త్రీ ఊరుకోడు. ఇంట్లో పెద్దపిల్లను చూసేవాళ్లు ఉండరు. అందుకే గ్లూకోజు తాగి, రక్తం ఇవ్వకుండానే ఆటో ఎక్కేవాళ్లున్నారు. అసలు పోనివాళ్లూ ఉన్నారు. వాళ్లను తెలివిలేనివాళ్లని అనడానికి నోరు ఎలా వస్తుంది? సాయంత్రం పొయ్యి వెలగాలి గదా!

బాబాసాహెబ్ అంబేద్కర్ ఈ సంగతి ఏనాడో చెప్పారు. 1928 జూలై 28న బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లును బలపరుస్తూ మాట్లాడారు. ఆడకూలీకి కాన్పు సమయంలో విశ్రాంతి కావాలి, ఆ విశ్రాంతికి డబ్బు కావాలి అన్నది ఆ బిల్లు సారం. చివరి ఏళ్లలో ఆయన కూడా షుగరు జబ్బుతో బాధపడ్డారు. సెలవు, కూలి లేకుండా ఆరోగ్యం లేదన్నది మనం కొత్తగా కనిపెట్టింది కాదు.

అందుకే కూలి గుంపుల్లో ఉన్న అక్కలను అడుగుతున్నాను. మీ గుంపులో పదిమంది ఉంటే, పరీక్ష రోజున ఆమె కూలిని తలా కొంత వేసి నింపండి. రేపు మీ కోడలికీ అదే చేస్తారు. మొగుడు ఆ పూట పిల్లను చూసుకోవాలి, వీలైతే వెంట పోవాలి.

షుగరు ఉందని తేలితే ఇంట్లో మొదట వినపడే మాట "అన్నం బంద్ చెయ్" అని. అది తప్పు. ఆమె పస్తుంటే బిడ్డా పస్తుంటుంది. రోజుకు మూడు పూటలు తినాలి, నడుమ రెండు మూడుసార్లు కొంచెం కొంచెం తినాలి. అన్నం కొద్దిగా తగ్గించి పప్పు, ఆకుకూర, గుడ్డు పెంచాలి. నడుమ పల్లీలు, ఉడికించిన శనగలు, మజ్జిగ. జొన్నరొట్టె మంచిదే, కానీ దానికీ లెక్క ఉంటుంది. ఎన్నంటే అన్ని తినొద్దు. చాయలో చక్కెర మానాలి. బెల్లం వేసినా అంతే. డాక్టరు వద్దనకపోతే తిన్నాక కాసేపు నడవాలి. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్య లక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణికి ఒక పూట నిండు భోజనం, గుడ్డు, పాలు పెడుతున్నారు. ఆ గుడ్డు ఆమె తినాలి. ఇంటికి తెచ్చి మొగుడికి, కొడుక్కి పంచొద్దు.

రెండు వారాలు ఇలా తిన్నాక మళ్లీ చూస్తారు. తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలి. లేకపోతే డాక్టరు మాత్రలో, ఇన్సులినో రాస్తారు. ఇన్సులిన్ అనగానే బతుకంతా సూదులేనని ఏడవకండి. చాలామందికి కాన్పుతో అది ఆగిపోతుంది. సూది వేసుకుని తినకుండా పనికి మాత్రం పోవద్దు. చెమటలు పట్టి, చేతులు వణికితే వెంటనే మూడు చెంచాల గ్లూకోజు గానీ చక్కెర గానీ నీళ్లలో కలిపి తాగించి, తర్వాత అన్నం పెట్టండి. ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్ సీసాను మూతడబ్బాలో పెట్టి, నీళ్లున్న మట్టికుండలో ఉంచొచ్చు.

షుగరు ఉన్నామె కాన్పు ఇంట్లో చేయొద్దు, ఆసుపత్రికే పోవాలి. పుట్టిన గంటలోపు చనుబాలు పట్టాలి. బిడ్డకు చక్కెర చూడమని అడగాలి. కాన్పయిన ఆరు వారాలకు తల్లికి మళ్లీ పరీక్ష చేయాలి. మనం ఎక్కువగా మరిచేది ఇదే. బిడ్డ చేతికొచ్చాక తల్లిని ఎవరూ చూడరు. ఆమెకు ముందు ముందు షుగరు స్థిరపడే ప్రమాదం ఉంది, కాబట్టి ఏడాదికోసారి చూపించుకోవాలి.

సర్కారు దవాఖానాల్లో గర్భిణికి పరీక్షలు, మందులు, కాన్పు, రాకపోకల బండి ఉచితమని 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం చెబుతోంది. ప్రతి నెల 9న గర్భిణులను డాక్టరు చూడాలని 2016లో ఇంకో పథకం వచ్చింది. "కిట్టు లేదు, రేపు రా" అంటే తల వంచుకుని తిరిగి రావద్దు. ఎప్పుడు రావాలో కార్డు మీద రాసివ్వమనండి. ఒక్కరు అడిగితే కసురుతారు, పదిమంది పోతే రాసిస్తారు.

ఈ సమావేశం ముగిసేలోపు మూడు పనులు చేద్దాం. వాడలో కడుపుతో ఉన్నవాళ్ల పేర్లు, నెలలు నోటుబుక్కులో రాద్దాం. ఒక్కొక్కరికి తోడు పోయే మనిషిని ఇప్పుడే ఒప్పిద్దాం. వచ్చే 9వ తేదీన వాళ్ల కూలి ఎవరు నింపాలో లెక్క వేద్దాం. నోటుబుక్కు నా దగ్గరుంది. మొదటి పేరు చెప్పండి.

జై భీమ్!