కాలేయ రక్షణము – సంఘ ధర్మము
(పెద్ద కొడప్‌గల్ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు ప్రసంగించియున్నారు. మాకు నియమింపబడిన విషయము వేఱు. అది కుడివైపు ప్రక్కటెముకల చాటున నిశ్శబ్దముగా పనిచేయుచుండు కాలేయమును గూర్చినది. మన యిండ్లలో కార్జమని పిలుచునది. ఉత్సవదినమున రోగప్రసంగ మేల యని కొందఱు తలంపవచ్చును. కాని కడుపుబ్బి, కాళ్లు వాచి, రక్తము కక్కుకొని నడివయసుననే గతించిన బంధువు నొక్కనినైనను తలంచుకొనని కుటుంబము లెన్ని కలవు? కావున క్షమించి యాలకింప వేడుచున్నాము.

పెద్దవారియందు కాలేయము దాదాపు కిలోన్నర తూగును. భుజించిన యాహారసారము నిలువచేయుట, విషములను విఱుచుట, పైత్యరసము పుట్టించుట, గాయమైనపుడు రక్తము గడ్డకట్టుటకు వలయు పదార్థములను సమకూర్చుట దీని పనులు. దీని కొక గుణము కలదు: కొంత కోసివేసినను మరల పెరుగును. ఒక దోషమును కలదు: తన బాధను చెప్పుకొనదు. ఏండ్ల తరబడి చెడి, గట్టిపడిన పిదప గాని మనకు తెలియదు.

మన ప్రాంతమున కన్నులు పచ్చబడగానే పసరుమందునకు పోవుట, చేతిపై వాత వేయించుట ఆచారము. పసరుతో నయమైనదని పలువురు చెప్పుదురు. వారు అబద్ధమాడుట లేదు. కలుషితజలముచే వచ్చు ఏ, ఇ తరగతుల కామెర్లు సాధారణముగా కొన్ని వారములలో తమంతట తామే తగ్గును; కీర్తి పసరునకు దక్కును. ఇ తరగతి గర్భిణులకు మిక్కిలి ప్రమాదకరమని మాత్రము మఱువరాదు. రక్తముద్వారా సోకు బి, సి తరగతులు అట్టివి కావు. నేల ఉసిరిక బి కామెర్లను మాన్పునని 1988లో మద్రాసు పరిశోధకులు ఆశాజనకముగా ప్రకటించిరి. తరువాత ఇతరులు చేసిన పరీక్షలలో ఆ ఫలము నిలువలేదు. శాస్త్రమనగా నిట్టిదే: స్వదేశపు మూలికయైనను, విదేశపు మాత్రయైనను మరల మరల పరీక్షింపబడి నిలువవలయును.

బి తరగతి విషక్రిమిని పట్టియిచ్చిన పరిశోధనకై బ్లంబర్గు పండితుడు 1976లో నోబెల్ బహుమానము పొందెను. దాని టీకా మన దేశమున చిరకాలము దిగుమతి సరుకై, మోతాదునకు అనేక వందల రూపాయలు పలికెను. హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ స్థాపకులైన శ్రీ వరప్రసాదరెడ్డిగారు 1997లో స్వదేశపు టీకాను 50 రూపాయలకే వెలువరించిరి. తెలుగువారు గర్వింపదగిన కార్యమిది. నేడది సర్కారు ఆస్పత్రులలో శిశువులకు ఉచితము. తల్లికి రోగమున్నను, పుట్టిన 24 గంటలలో తొలి టీకా, తరువాత తక్కిన మోతాదులు పడినచో శిశువు చాలవఱకు రక్షింపబడును. బాన్సువాడ మాతాశిశు ఆస్పత్రి మనకు చేరువనే యున్నది. ఆ 24 గంటలు దాటనీయకుండుట తాతమ్మల బాధ్యత.

సి తరగతికి టీకా లేదు గాని, ఎనిమిది మొదలు పన్నెండు వారముల మాత్రలతో నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమగుచున్నది. 2018లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమమున ఈ మందు ఉచితము. ఇక మద్యము త్రాగనివారికిని కొవ్వు పేరుకొని కాలేయము చెడుచున్నది. దానికి 2024లో అమెరికాయందు తొలిమందు అంగీకరింపబడినది, 2025లో మఱియొకటి. అయినను స్థూలకాయులు దేహపు బరువులో నూటికి ఏడు మొదలు పది పాళ్లు తగ్గించుకొనుట నేటికిని ముఖ్యచికిత్సయే. మద్యమును గూర్చి మే మేమి చెప్పవలయును? మన విందులలో దానిని వడ్డించువారమును మనమే, పిదప శవము మోయువారమును మనమే.

అన్ని త్రోవలును మూసికొనిన పిదప మిగులునది కాలేయ మార్పిడి. స్టార్జల్ వైద్యుడు 1963లో అమెరికాయందు దీనిని తొలుత ప్రయత్నించి, రోగులను కోల్పోయి, 1967లో కృతార్థుడయ్యెను. మన దేశమున 1998లో ఢిల్లీయందు ఇరువది నెలల శిశువునకు తండ్రి కాలేయభాగ మమర్చిరి. ఆ శిశువు పెరిగి వైద్యుడైనాడు. 2024లో చైనా వైద్యులు, మార్పులు చేసిన పంది కాలేయమును మెదడు మరణించిన యొకని దేహమున పదిదినములు పనిచేయించిరి. అది రేపటి మాట. నేటికి మనుష్యుడే దాత.

ఆ దాత యెవరు? 1994 నాటి చట్టము అవయవ విక్రయమును నిషేధించినది. మన దేశమున బ్రతికియుండి యిచ్చువారిలో ఎక్కువమంది స్త్రీలు. పుచ్చుకొనువారిలో ఎక్కువమంది పురుషులు. తల్లియు, భార్యయు ఇచ్చుచున్నారు. వారి త్యాగమునకు నమస్కరింతము గాని, వారిని అడుగువిధము బలవంతము కారాదు. మఱియొక మార్గము మృతదానము. మెదడు మరణించెనని నలుగురు వైద్యులు ఆఱుగంటల యెడముతో రెండుమార్లు పరీక్షించి నిర్ధారించిన పిదపనే, కుటుంబ సమ్మతితో అవయవములు గ్రహింతురు. నిమ్స్ ఆస్పత్రి కేంద్రముగా 2013 నుండి జీవన్‌దాన్ ఈ కార్యము నడపుచున్నది.

ఇచ్చట కులసభయందే ఒక మాట చెప్పవలసియున్నది. ఆ జాబితాలో రక్తవర్గమును, రోగతీవ్రతను చూతురు, కులము నడుగరు. మనవానికి రేపు ప్రాణమిచ్చునది యెవరి యింటి దీపమో మన మెఱుగము. పుచ్చుకొనుటకు కులము అడ్డు రానపుడు, ఇచ్చుటకు ఏల అడ్డు రావలయును?

మా మనవి మూడు. ఏటేట మహాసభ దినముననే బి, సి పరీక్షల శిబిరము నడపుడు. అవయవదాన ప్రతిజ్ఞాపత్రముల బల్ల యొకటి వేయించి, తొలిసంతకము సంఘ పెద్దలు చేయుడు. మార్పిడికి ఆరోగ్యశ్రీ యున్నది. కాని భర్తకు కాలేయమిచ్చిన కూలి యిల్లాలు రెండుమూడు నెలలు బరువు మోయరాదు. ఆ నెలల కూలి ఎవ రిచ్చెదరు? సంఘనిధిలో దాని కొక పద్దు వ్రాయుడు.

కాలేయము తన బాధను చెప్పుకొనదు. దాని తరపున సంఘమే మాటలాడవలయును.