పాత బడికి తండ్రిగా వెళ్ళినప్పుడు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. అయినా తెలుగులోనే మాట్లాడమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. మన పిల్లల్లో చాలామంది ఉర్దూ చదవలేకపోతున్నారు గనుక సంచికలో తెలుగులోనే అచ్చు వేస్తామన్నారు. నేను చెప్పదలచిన విషయం సగం ఆ ఒక్క మాటలోనే వచ్చేసింది.

మన కర్నూలులో పాత విద్యార్థులు తాము చదివిన బడికి ఎందుకు వస్తారో నాకు బాగా తెలుసు. ఎక్కువమంది స్టడీ సర్టిఫికెట్ కోసం వస్తారు. నాలుగు నుండి పది వరకు ఎక్కడ చదివారో రాసిన కాగితం లేకపోతే ఉద్యోగం దరఖాస్తు కదలదు కదా. మరికొందరు ఫ్యాను బహూకరించడానికి వస్తారు. రెక్కల మీద దాత పేరు రాయిస్తారు. తిరిగేటప్పుడు ఆ పేరు చదవడానికి వీలుకాదు, అది వేరే సంగతి. కాని తమ బిడ్డ చెయ్యి పట్టుకొని అడ్మిషన్ కోసం వచ్చేవారు ఎందరు? ఉర్దూ టీచర్లే తమ పిల్లలను కాన్వెంటుకు పంపుతారని బజారులో అనుకొనే మాట అబద్ధమేమీ కాదు. వారిని నేను నిందించను. ఎవరి బిడ్డ భయం వారిది.

ఈ సంవత్సరం మా అమ్మాయిని నేను చదివిన సర్కారు హైస్కూలులోనే ఆరవ తరగతిలో చేర్చాను. అది ఇంట్లో సులభంగా జరిగిన పని కాదు. "భాయీజాన్, మీ కాలం వేరు. ఉర్దూలో పది పాసై ఇంటర్లో సైన్సు తీసుకుంటే పిల్ల ఏం చేస్తుంది?" అని మా బావమరిది అడిగాడు. మా ఇంట్లోవారు ఒక్కటే మాటన్నారు: "మీరు జీతం తీసుకొనేది ఆ చదువు మీదే. మన పిల్లకు వద్దంటే, రేపు ఎవరి పిల్లను రమ్మంటారు?" ఆ మాటతో చేర్చాను గాని బావమరిది ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు.

పాత విద్యార్థిగా వెళితే వేపచెట్టు చూసి సంతోషపడి వస్తాం. తండ్రిగా వెళితే చూపు ఇంకో వైపు పోతుంది. ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ ఉందా, లోపల నీళ్ళు వస్తాయా అని చూశాను. గడియ ఉంది, నీళ్ళు మధ్యాహ్నం దాకా వస్తాయట. తరువాత టైమ్‌టేబుల్ చూశాను. లెక్కల పీరియడుకు ఎదురుగా ఎవరి పేరూ లేదు. సైన్సు చెప్పే టీచరమ్మే, పాపం, వీలు చూసుకొని లెక్కలు కూడా చెబుతున్నారు. మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఎన్నో ఫొటోలు వచ్చాయి గాని ఈ సంగతి ఏనాడూ రాలేదు. ఎట్లా వస్తుంది? ఆ గ్రూపులో ఆ బడికి బిడ్డను పంపినవారు లేరు.

ఉర్దూ మీడియం పోస్టుల్లో కొన్ని రోస్టరు ప్రకారం ఎవరికి కేటాయించారో ఆ వర్గాల్లో ఉర్దూ మీడియంలో చదివిన అభ్యర్థులు దొరకరు. పోస్టు కాగితం మీద ఉంటుంది, కుర్చీలో మనిషి ఉండడు. ఆ పోస్టులు వృథాగా పోకుండా మార్గం చూడమని ఉపాధ్యాయ సంఘాలు ఎప్పటినుండో అడుగుతున్నాయి. సంఘం అడిగితే టీచర్ల గొడవ అంటారు. బిడ్డ తల్లి వచ్చి అడిగితే ఆ మాట అనలేరు.

ఇక ఇంటర్ సంగతి. మన పాఠ్యపుస్తకాల్లో త్రిభుజాన్ని ముసల్లస్ అంటాం, వ్యాసాన్ని ఖుతర్ అంటాం, వ్యాసార్ధం నిస్ఫ్ ఖుతర్. ఇటువంటి శాస్త్ర పదాలను వేల సంఖ్యలో తయారుచేసింది హైదరాబాదులో 1917లో ఏర్పడిన దారుత్తర్జుమా. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యం, ఇంజనీరింగు సైతం ఉర్దూలో బోధించారు. 1948 తరువాత అక్కడ బోధన ఇంగ్లీషుకు మారింది. మనం ఆనాడు మద్రాసు రాష్ట్రంలో ఉన్నా, డాక్టర్ అబ్దుల్ హక్ గారు 1947లో ఇక్కడే ఉస్మానియా కాలేజీ స్థాపించారు. 2016లో ఆయన పేరనే ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. పైన యూనివర్సిటీ ఉంది సరే, కింద ఆరవ తరగతిలో లెక్కల టీచరు లేకపోతే రేపు అందులో చేరేదెవరు?

నిస్ఫ్ ఖుతర్ తెలిసిన పిల్లకు రేడియస్ కష్టం కాదు. రెండూ ఒకటేనని చెప్పేవారు కావాలి, అంతే. మా బడిలో బోర్డు మీద రెండు మాటలూ పక్కపక్కన రాస్తున్నాం. ఎనిమిదో తరగతి నుండి ఇట్లా రాసుకున్న పిల్లలు ఇంటర్లో మొదటి మూడు నెలలు తడబడినా తరువాత నిలదొక్కుకోవడం చూశాను. అసలు మన పిల్లలకు పుస్తకంలోని ఉర్దూ కూడా ఒక రకంగా కొత్త భాషే. ఇంట్లో "నక్కో" అంటాం, పుస్తకంలో అది కనబడదు! తెలుగు సంగతి కూడా చెప్పాలి. బజారులో గలగలా మాట్లాడే పిల్లవాడు ఒత్తులు రాయమంటే తల గీక్కుంటాడు. రేపు కానిస్టేబుల్ పరీక్షకు గాని, సచివాలయం ఉద్యోగానికి గాని ఆ ఒత్తులు కావాలి. ఉర్దూ మీద ప్రేమ అంటే తెలుగు రాకపోవడం కాదు.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుండి అమలైంది. దాని ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులు ఉండాలి. సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. బడి ఎట్లా నడుస్తోందో చూడటం, అభివృద్ధి ప్రణాళిక రాయడం, గ్రాంటు ఎట్లా ఖర్చయిందో అడగడం వారి పని. ఫ్యాను ఇచ్చిన పెద్దమనిషికి శాలువా కప్పుతాం, కాని ఈ ప్రశ్నలు అడిగే కుర్చీ మాత్రం బిడ్డను చేర్చినవారిది. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం 1956 నుండి చెబుతూనే ఉంది. ఏర్పాటు కావాలంటే మాత్రం బడిలో పిల్లలుండాలి. హాజరు పట్టీలో పేర్లు తగ్గితే మొదట పోస్టు పోతుంది, పిదప తరగతి పోతుంది.

అందరూ తమ పిల్లలను ఉర్దూ మీడియంలోనే చేర్చండి అని నేను అనను. మా అమ్మాయి సంగతే రెండేళ్ళు చూస్తానని మా బావమరిదికి మాట ఇచ్చాను. లెక్కలు రాకపోతే మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవాలి. కాని ఇప్పటికే అక్కడ పిల్లలున్న తల్లిదండ్రులు మన సొసైటీలోనే కొందరున్నారు. ఆటో నడిపేవారున్నారు, తోపుడు బండి మీద పండ్లు అమ్మేవారున్నారు. మీటింగు అంటే ఒక రోజు కూలి పోతుందని రారు. ఆ రోజు బండి దగ్గర ఒక గంట కూర్చునే మనిషిని సొసైటీ కుర్రవాళ్ళు పంపితే చాలు, చందా కంటే అది పెద్ద సాయం.

వచ్చే కమిటీ సమావేశంలో లెక్కల పోస్టును మొదటి అంశంగా పెట్టమని హెడ్మాస్టరు గారిని అడిగాను, సరేనన్నారు. అర్జీ ఉర్దూలోను, తెలుగులోను రాసి ఉంచాను. సంతకాలకు ఇక్కడే బల్ల మీద పెట్టాను. వేలిముద్ర వేసేవారికి ఇంకు ప్యాడు కూడా ఉంది. భోజనాలకు లేచే ముందు చూడండి.